తాళ్ళు కొనేముందు ఈ ఉత్తరం చదువు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు మూడు తెరచాప కొయ్యల నమూనా ఓడ చేసుకునే కిట్ తెప్పించావని, డెక్కు దాకా అయిపోయిందని, ఇక తాళ్ళు కట్టడమే మిగిలిందని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. నా తర్వాత ఈ పిచ్చి మన ఇంట్లో ఎవరికీ అంటలేదనుకున్నాను. తాళ్ళరేవులో పుట్టినదానివి, ఎక్కడికి పోతుంది! పక్కనే కోరంగిలో ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళ ఓడలు కూడా రిపేరుకి వచ్చి ఆగేవి. 1839 ఉప్పెన ఆ రేవుని తుడిచేసింది గానీ, చెక్క ఓడలు చెయ్యడం మన వైపు వాళ్ళు ఆ తర్వాత కూడా మానలేదు. నాకెంత సంతోషంగా ఉందో రాయలేను.

కానీ మీ నాన్న చివర్లో ఇంకో మాట అన్నాడు. "సంక్రాంతికల్లా పూర్తి చేసి తెస్తుందట అన్నయ్యా" అని. అక్కడే నా గుండె గుభేలుమంది. తాళ్ళు తొందరగా కట్టేవి కావమ్మా. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. కిట్‌లో ఇచ్చిన మూడు రీళ్ళ దారం పక్కన పెట్టెయ్యి. ఆ ఓడకి కనీసం ఏడెనిమిది మందాలు కావాలి. కొయ్యల్ని నిలబెట్టే తాళ్ళు తారు పూసినవి, కాబట్టి ముదురు గోధుమ రంగు. మరీ నల్లగా వద్దు, బొమ్మలా ఉంటుంది. తెరచాపల్ని లాగే తాళ్ళు జనపనార రంగు. తెల్లదారం ఎక్కడా కనపడకూడదు. నైలాన్ వద్దు, సాగుతుంది. చేపల గాలం దారం అసలే వద్దు, మెరుస్తుంది, ముడి నిలవదు. తాడు కొనేముందు కప్పీ బెజ్జంలో దూరుతుందో లేదో చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1988లో నేను రెండు కొయ్యల ఓడ ఒకటి మొదలుపెట్టాను, నీదాన్లాగే 64వ వంతు సైజులో. కాకినాడ నుంచి ఒక స్నేహితుడు పాత ఇంగ్లీషు పట్టిక జిరాక్స్ తెచ్చిచ్చాడు. ఏ తాడు ఎంత అని అందులో అంగుళాల్లో ఉంది. పెద్ద కొయ్యని ముందుకు లాగి పట్టే స్టే తాడు 10 అంగుళాలు. నేను డ్రాయింగు మాస్టారిని, లెక్కలంటే భయం లేదు. 10 అంగుళాలంటే 254 మిల్లీమీటర్లు, 64తో భాగిస్తే దగ్గర దగ్గర 4 మిల్లీమీటర్లు. సరే అనుకుని మొదలుపెట్టాను.

అంత మందం తాడు దొరక్క మనమే పేనుకుందామన్నాను. మీ పెద్దమ్మ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర కదా, కొబ్బరి పీచు తాడు పేనడం చిన్నప్పటి నుంచీ చూసింది. మూడు పోగులు అరుగు మీద ఈ కొస నుంచి ఆ కొసకి లాగి, ఒక్కొక్కదానికీ ఒకే వైపు పురి ఎక్కించేవాళ్ళం. మెలికలు పడబోయే ముందు ఆపేసి, మూడు గాళ్ళు తీసిన చెక్కముక్క మధ్యలో పెట్టి, నేను మెల్లగా జరుపుకుంటూ వస్తుంటే వెనకాల మూడూ తమంతట తామే ఎదురువైపు చుట్టుకుని తాడయ్యేవి. అవతలి కొస ఆవిడ పట్టుకునేది. పేనుతున్నకొద్దీ పొడవు తగ్గుతుంది కదా, ఆ బిగువు చూసుకుంటూ ఒక్కో అంగుళం ముందుకి జరిగేది. పొయ్యి మీద పాలు పొంగినా కొస వదిలేది కాదు. డికాషన్‌లో రంగు వేసింది కూడా ఆవిడే. ఎనిమిది నెలలు.

ఓడ పూర్తయ్యాక స్కూల్లో ప్రదర్శనకి పెట్టాను. ధోనీల మీద, అంటే మన వైపు చెక్క తెరచాప ఓడల మీద, జీవితమంతా గడిపిన ముసలి సరంగు ఒకాయన మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. చాలాసేపు చూశాడు. "మాస్టారూ, ఇది ఓడకి కట్టిన తాళ్ళా, తాళ్ళకి కట్టిన ఓడా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఇంటికొచ్చి చూస్తే అప్పుడు కనపడింది. లంగా బొందు అంత లావు తాడు చిటికెన వేలంత కొయ్యకి వేలాడుతోంది. ఎక్కడ తప్పిందో తెలియలేదు. దారం లావుగా ఏరావని, పురి వదులుగా వేశావని మీ పెద్దమ్మ మీద అరిచాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెల్లారగట్ల పట్టిక మళ్ళీ తీశాను. ఓడ తాళ్ళు కొలిచేది మందం కాదు బుజ్జీ, చుట్టుకొలత. తాడు చుట్టూ టేపు చుట్టి ఎంతొస్తే అంత. ఆ 10 అంగుళాల్ని ముందు 3.14తో భాగించాలి. అప్పుడు అసలు మందం 81 మిల్లీమీటర్లు, ఓడ సైజులో 1.26. నేను కట్టింది దానికి మూడింతలకి పైనే. లెక్క తప్పింది నేను. తిట్లు తిన్నది ఆవిడ.

అన్నీ కత్తెరతో కోసేశాను. మీ పెద్దమ్మ ఆ ముక్కలు పారెయ్యనివ్వలేదు. ఒక బిస్కెట్ డబ్బాలో దాచింది. ఆ తర్వాత ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించమని అడగలేదు నేను. ఆవిడ వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది.

అందుకే చెబుతున్నాను, పాత పట్టికలో అంకె కనపడగానే ఆగు. చుట్టుకొలతే అని పక్కన పెన్నుతో రాసుకో. పట్టిక లేకపోతే ఒక అడ్డగుర్తు ఉంది: పాత ఇంగ్లీషు ఓడల్లో పెద్ద కొయ్య మందంలో సుమారు సగం, దాని స్టే తాడు చుట్టుకొలత. కొయ్య 20 అంగుళాలైతే స్టే 10. మిగతావి దాన్నిబట్టి సన్నబడుతూ పోతాయి. నిచ్చెన మెట్లలా అడ్డంగా కట్టే రాట్‌లైన్లు అన్నిటికంటే సన్నం, నీ ఓడకి 0.2 మిల్లీమీటర్లు చాలు. వాటి మధ్య అయిదు మిల్లీమీటర్లు. అంతకంటే ఎడం పెడితే ఎక్కేవాడి కాలు అందదు.

రీలు మీద అచ్చేసిన మందం నమ్మకు. పెన్సిల్‌కి దారం పక్కపక్కనే ఇరవై చుట్లు చుట్టు. లాగొద్దు, ఒకదాని మీదకి ఇంకోటి ఎక్కనివ్వొద్దు, మధ్యలో సందు ఉండకూడదు. స్కేలు పెట్టి కొలిచి ఇరవైతో భాగించు. ఇరవై చుట్లు సెంటీమీటరు వస్తే నీ దారం అర మిల్లీమీటరు. పురి కూడా చూడు: తాడు నిలువుగా పట్టుకుంటే పోగులు ఎడమ నుంచి కుడికి పైకెక్కాలి. ఓడ మీద మామూలు తాళ్ళన్నీ అంతే. లంగరు మోకు లాంటి పెద్దవాటికే పురి ఎదురువైపు.

నూలా, పాలిస్టరా అని అడుగుతావని తెలుసు. నువ్వు సముద్రం గాలిలో ఉన్నావు, పాలిస్టరే తీసుకో, మెరుపు లేనిది. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత ఇంట్లో చెమ్మ రోజుల తరబడి ఆరలేదు. నా రెండో ఓడకి నూలు తాళ్ళే కట్టాను. చెమ్మకి నూలు ఉబ్బి పొట్టిదవుతుంది. పైకొయ్య అగ్గిపుల్ల లాంటిది, విల్లులా వంగిపోయింది. ఎండలు వచ్చాక తాళ్ళు వదులయ్యాయి గానీ కొయ్య వంకర పోలేదు. కొట్టువాడు ఏది చెప్పినా చిన్న ముక్క కాల్చి చూసుకో. నూలు బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ముద్దవుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి దాని మీదే కాల్చు, ఓడ దగ్గర అగ్గిపుల్ల గియ్యకు. నూగు ఉంటే తేనెమైనం ఒక్కసారి రాస్తే చాలు.

ముడులకి నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్క. సూపర్ గ్లూ పెడితే తాడు పుల్లలా బిగుసుకుపోతుంది, తెల్లగా పొక్కుతుంది, పైగా కంట్లో పడుతుంది. ఇది బెదిరింపు కాదు. రాత్రి పది దాటాక ముడి వెయ్యకు. నా కళ్ళు నీకు తెలుసు కదా.

లావు తాళ్ళు మాత్రం కొనొద్దు, పేనుకుందాం. సంక్రాంతికి ఓడని అసంపూర్తిగానే తీసుకురా. ఆ మూడు గాళ్ళ చెక్కముక్క ఇంకా ఉంది, నిన్న వెతికి తీశాను, మీ పెద్దమ్మ బిస్కెట్ డబ్బాలోనే దొరికింది. అరుగు మీద ధాన్యం బస్తాలు తీయించేస్తాను. నువ్వు పేను. కొస నేను పట్టుకుంటాను.

మీ పెదనాన్న