షోగ్రెన్స్‌కు మాత్ర వేసుకుంటున్నా కళ్లు, నోరు ఎండిపోతూనే ఉన్నాయి, ఆపేయొచ్చా?

హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టి రెండు నెలలైనా కళ్ల మంట, నోరు ఎండటం తగ్గలేదని రాశారు. దయచేసి మీ అంతట మీరు ఆపకండి. షోగ్రెన్స్ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే జబ్బు. ఆరేళ్లుగా నాదీ ఇదే జబ్బు. మొదట్లో నాకూ ఇదే అనుమానం వచ్చింది.

ఆ మాత్ర ముఖ్యంగా కీళ్ల నొప్పులకు, దద్దుర్లకు ఇస్తారు. గుణం కనిపించడానికే కొన్ని నెలలు పడుతుంది. దానితో కన్నీళ్లు, లాలాజలం ఊరతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పొడిబారడానికి వైద్యం వేరే ఉంది. ఇది తెలియక నేను ఏడాది పోగొట్టుకున్నాను. అన్నట్టు, ఆ మాత్ర వాడేవాళ్లు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష మానకూడదు.

రోజుకు నాలుగుసార్లకు మించి కంటి చుక్కలు కావాల్సివస్తే ప్రిజర్వేటివ్ (చుక్కలు పాడవకుండా కలిపే రసాయనం) లేనివే అడగండి. నేను మామూలు చుక్కలు గంటకోసారి వేసుకుని మంట ఇంకా పెంచుకున్నాను. పొద్దున లేచేసరికి రెప్ప కనుగుడ్డుకు అతుక్కుపోయి ఉండేది. గబుక్కున తెరిస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. ఇప్పుడు రాత్రి జెల్ వేసుకుంటున్నాను. లేవగానే మూసిన కంటి మూలలో ఒక చుక్క వేసి, అది లోపలికి జారాక మెల్లగా తెరుస్తాను. కంటిలో వాపు తగ్గించి కన్నీళ్లు ఊరేలా చేసే సైక్లోస్పోరిన్ చుక్కలు మొదట్లో మండుతాయి, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. నాకు అన్నిటికంటే సుఖాన్నిచ్చింది ప్లగ్స్. కన్నీళ్లు ముక్కులోకి దిగిపోయే సన్నటి రంధ్రాలను వాటితో మూసేస్తారు. ఆపరేషన్ కాదు, కుర్చీలో కూర్చోబెట్టి నిమిషాల్లో పెట్టేశారు.

నోటికి పైలోకార్పిన్ మాత్ర ఉంది. లాలాజలం ఊరుతుంది కానీ చెమటలు బాగా పడతాయి. ఉబ్బసం, గ్లాకోమా (నీటికాసులు) ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

పళ్ల విషయంలో నాలా అశ్రద్ధ చేయకండి. నోరు తడవడానికని రోజంతా పుల్లటి తీపి బిళ్లలు చప్పరించాను. లాలాజలం లేని నోట్లో ఆ పులుపు, చక్కెర పళ్లను తినేస్తాయి. చిగుళ్ల అంచునే గోధుమరంగు గీతల్లా పుచ్చు మొదలై రెండు దవడ పళ్లు పోయాయి. చక్కెర లేని చూయింగ్ గమ్, డెంటిస్టు రాసిచ్చే ఎక్కువ ఫ్లోరైడ్ పేస్టు వాడండి. జలుబు, అలర్జీ మాత్రలు కూడా చాలావరకు నోటిని ఎండబెడతాయి, ఇప్పుడేమైనా వాడుతుంటే డాక్టరుకు చూపించండి.

ఇంకొక్కటి. చెవుల కింద, దవడ దగ్గర వాపు వచ్చి తగ్గకుండా ఉండిపోతే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే చూపించుకోండి. ఈ జబ్బులో అరుదుగా లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) వచ్చే అవకాశం ఉంది.