తరగతిలో అందరూ విదేశీయులే, ఫ్రెంచి వస్తుందా?

ప్రశ్న: నేను ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఇంగ్లీషు మాధ్యమంలో మాస్టర్స్ చదువుతూ, సాయంత్రాలు విశ్వవిద్యాలయంలోనే ఫ్రెంచి తరగతులకు వెళ్తున్నాను. ఇటలీ, బ్రెజిల్, జపాన్, వియత్నాం దేశాల వారు నా సహాధ్యాయులు. నాతోపాటే మొదలుపెట్టిన ఇటలీ, బ్రెజిల్ వారు అప్పుడే గడగడా మాట్లాడేస్తున్నారు. నాకు నోరు పెగలడం లేదు. ఒకరి తప్పులు మరొకరికి అంటుకుంటాయేమోనని కూడా భయంగా ఉంది. తరగతి దాటగానే అందరం ఇంగ్లీషులోకి దిగిపోతున్నాం. ఇది మానేసి సొంతంగా నేర్చుకోవడం మేలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానకండి. ముందుగా ఆ పోలికను వదిలిపెట్టండి. ఇటాలియన్, పోర్చుగీసు భాషలు ఫ్రెంచి లాగే లాటిన్ నుంచి పుట్టినవి కాబట్టి, మీరు కష్టపడి కంఠస్థం చేసే మాటల్లో చాలా భాగం వారికి చూడగానే అర్థమవుతాయి. అది వారి ప్రతిభా కాదు, మీ లోపమూ కాదు. తెలుగువారికీ కొన్ని సౌకర్యాలున్నాయి. ఫ్రెంచివారి త, ద ధ్వనులు మన త, ద లకు చాలా దగ్గర; ఇంగ్లీషు అలవాటు కొద్దీ వాటిని ట, డ లుగా మార్చకుండా ఉంటే చాలు. ఫ్రెంచిలోనూ మనలాగే మీరు, నువ్వు అనే తేడా ఉంది; ఎవరిని మీరు అనాలో, ఎవరిని నువ్వు అనాలో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మనం తడబడేది లింగం దగ్గర. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అంటే అన్నిటినీ ‘అది’ అనే మనకు తర్కం దొరకదు. తర్కం వెతకకుండా, ప్రతి నామవాచకాన్నీ దాని ముందుండే ‘ల’ (స్త్రీలింగం) లేదా ‘లె’ (పుంలింగం) తో కలిపే గుర్తుపెట్టుకోవాలి.

తప్పులు అంటుకుంటాయన్న భయంలో కొంత నిజం ఉంది, ముఖ్యంగా ఉచ్చారణ విషయంలో. అందుకే ఉచ్చారణకు నమూనాగా సహాధ్యాయులను తీసుకోకండి. ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ, నేర్చుకునేవారి కోసం సులభమైన ఫ్రెంచిలో పది నిమిషాల వార్తలు ప్రసారం చేస్తుంది. వాటి రాతప్రతి కూడా దొరుకుతుంది కాబట్టి, వింటూ, చదువుతూ, వెంటనే పైకి అనండి.

ఇక సహాధ్యాయుల వల్ల కలిగే అసలు ప్రయోజనం మాట్లాడే ధైర్యం. ఫ్రెంచివారు మీ తడబాటు చూసి, మర్యాద కోసమే అయినా, ఇంగ్లీషులోకి మారిపోవచ్చు. మీ తరగతిలో ఇంగ్లీషు అంతగా రానివారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వారి పక్కన కూర్చోండి, కాఫీకి వారితోనే వెళ్లండి. అక్కడ ఇద్దరికీ ఫ్రెంచి తప్ప గత్యంతరం ఉండదు. మాటలకు వెతుక్కోకుండా ఒక చిన్న అభ్యాసంతో మొదలుపెట్టండి: ఒకరు ఫోన్ నంబరు చెప్పాలి, మరొకరు రాయాలి. ఫ్రాన్స్‌లో నంబరును రెండేసి అంకెలుగా చెబుతారు. 71ని ‘అరవై పదకొండు’ అనీ, 97ని ‘నాలుగు ఇరవైలు పదిహేడు’ అనీ అంటారు కాబట్టి, ‘అరవై’ వినగానే 6 వేసేసిన చెయ్యి మరుక్షణమే దాన్ని కొట్టేసి 7 వేయాల్సి వస్తుంది. వ్యాకరణ పుస్తకం ఎంత చదివినా ఈ వేగం రాదు. జపాన్ విద్యార్థి అయినా, ఇటలీ విద్యార్థి అయినా ఇక్కడ మీతో సమానంగానే తికమకపడతారు, అది చూస్తే మీకూ కాస్త ఊరట. ఆ తర్వాత ఇంగ్లీషు మెరుగుపరచుకోవాలనుకునే ఫ్రెంచి విద్యార్థిని ఒకరిని చూసుకుని, సగం సమయం ఒక భాషలో, సగం మరో భాషలో మాట్లాడుకోండి.

లక్ష్యంగా డెల్ఫ్ బి2 పెట్టుకోండి. డెల్ఫ్ అంటే ఫ్రెంచి భాషలో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే డిప్లొమా, బి2 అందులో పై స్థాయి. ఫ్రెంచి మాధ్యమంలో పై చదువులకు విశ్వవిద్యాలయాలు సాధారణంగా అడిగేది ఆ స్థాయినే. 2026 జనవరి 1 నుంచి ఫ్రాన్స్ పౌరసత్వానికీ అదే స్థాయి కావాలి. ఈ డిప్లొమాకు కాలపరిమితి లేదు, మరో ఫ్రెంచి పరీక్ష అయిన టీసీఎఫ్ ఫలితం మాత్రం రెండేళ్లే చెల్లుతుంది. డెల్ఫ్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. మాట్లాడే పరీక్షలో ఒక చిన్న పాఠం ఇచ్చి, అరగంట సిద్ధం కానిచ్చి, ఒక అభిప్రాయాన్ని సమర్థించమంటారు, ఆపై పరీక్షకులు ఎదురు ప్రశ్నలు వేస్తారు. అలా అడ్డు ప్రశ్నలు వేయడానికి, అప్పుడే గడగడా మాట్లాడేస్తున్న ఆ బ్రెజిల్ విద్యార్థి కన్నా పనికొచ్చేవారు మీకు దొరకరు.