జువెనైల్ హోమ్‌లో ఉన్న పిల్లల మత్తు అలవాటును కుక్కలు మాన్పించగలవా?

మాన్పించలేవు కానీ, మాన్పించే చికిత్సకు పిల్లవాడు మనసు తెరిచేలా చేయగలవు. నిర్బంధంలో ఉన్న పిల్లల్లో చాలామంది పెద్దవాళ్లను నమ్మరు, కౌన్సెలర్ అడిగితే నోరు విప్పరు. కుక్క వాళ్ల కేసేమిటో అడగదు, తప్పు పట్టదు. దాన్ని నిమురుతుంటే టెన్షన్ తగ్గి, మాట దానంతటదే రావచ్చు.

కుక్కకు పిల్లలే నేర్పడం కూడా ఇందులో పనికొస్తుంది. ఉదాహరణకు, బెదురు కుక్కకు ‘కూర్చో’ నేర్పాలంటే కుర్రాడు ముందు తన గొంతు తగ్గించాలి, అది పదిసార్లు వినకపోయినా ఓపిక పట్టాలి. మత్తు కోసం మనసు లాగే క్షణాన్ని దాటడానికీ ఆ ఓపికే కావాలి. కౌన్సెలర్ ఈ పోలికను అక్కడికక్కడే పట్టి చూపిస్తారు, అసలు చికిత్స అదే.

కుక్కను తెచ్చి ఆడుకోనిస్తే చాలని చాలామంది పొరబడతారు. శిక్షణ ఉన్న నిపుణులు, ముందే పెట్టుకున్న లక్ష్యం లేకపోతే అది కాలక్షేపమే. మత్తు మానేటప్పుడు వచ్చే వణుకు, నిద్రలేమికి డాక్టరే కావాలి.