‘ద బాయ్స్’ మీద రాయబోతున్న సౌమ్యకు

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

సూపర్‌హీరోల మీద వచ్చిన అమెరికన్ సిరీస్ ‘ద బాయ్స్’ గురించి వ్యాసం రాయాలని ఉందనీ, పాత్రలనూ రాజకీయాలనూ కలిపి ఎలా చెప్పాలో తోచడం లేదనీ రాశావు. ఏళ్ల తరబడి సమీక్షలు రాసినదానిగా నేను చెప్పేది ఒకటే. పాత్రలకు సగం, రాజకీయాలకు సగం అని పంచకు. ఎవరు దేనికోసం అలమటిస్తున్నారో పట్టుకో. ఈ సిరీస్‌లో రాజకీయం అక్కడి నుంచే పుడుతుంది.

సూపర్‌హీరోలందరిలోకీ బలవంతుడైన హోమ్‌లాండర్‌తో మొదలుపెట్టు. అమ్మ ఒడి ఎరగకుండా ప్రయోగశాలలో పెరిగినవాడు. సూపర్‌హీరోలతో వ్యాపారం చేసే వాట్ కంపెనీకి అతను బిడ్డ కాదు, సరుకు. రెండో సీజన్‌లో, తన చేతులతోనే చంపిన కంపెనీ అధికారిణి మ్యాడలిన్ స్టిల్‌వెల్ మిగిల్చిపోయిన చనుబాల సీసా దొరికితే తాగుతాడు. చూసినవాళ్లు ఛీ అని ముందుకు వెళ్లిపోతారు. నువ్వు మాత్రం అక్కడ ఆగి, ఆ పాత్ర వేసిన ఆంటొనీ స్టార్ ముఖం చూడు. ప్రేమకు మొహం వాచినవాడికి ఎదురులేని బలం దొరికితే ఏమవుతుందో ఆ ముఖంలోనే ఉంది.

వ్యాసానికి వెన్నెముకగా మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లోని విమానం ఘట్టాన్ని పెట్టుకో. కాక్‌పిట్‌లో హైజాకర్ మీదికి హోమ్‌లాండర్ వదిలిన కంటిమంట విమానాన్ని నడిపే పరికరాలను కూడా కాల్చేస్తుంది. కొందరినైనా కాపాడదామని తోటి సూపర్‌హీరో క్వీన్ మేవ్ ప్రాధేయపడుతుంది. ఒక్కరు బతికి బయటపడ్డా జరిగింది చెబుతారన్న భయంతో అతను ఒప్పుకోడు, అందరినీ వదిలేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున, శకలాల మధ్య, కెమెరాల ముందు నిలబడి, సూపర్‌హీరోలు సైన్యంలో ఉండి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదంటాడు! ఒక మనిషి పిరికితనం, ఒక కంపెనీ ఆశపడే సైన్యం కాంట్రాక్టు, ఒక దేశం భయం ఆ ఒక్క ప్రసంగంలో ముడిపడ్డాయి. ఈ ముడిని నిదానంగా విప్పు. దీనికి రెండు పేజీలు పట్టినా నష్టం లేదు.

కాంపౌండ్ వి గురించి క్లుప్తంగా చెప్పు. దేవుడిచ్చిన శక్తి అని జనం నమ్మినది, పసిపిల్లలకు ఎక్కించిన మందు. యువ సూపర్‌హీరో స్టార్‌లైట్ తల్లికి ఆ సంగతి ముందే తెలుసు. ఇంత చాలు.

డొనాల్డ్ ట్రంప్ ప్రస్తావన తప్పదు. హోమ్‌లాండర్‌లో ఆయన పోలికలున్నాయని సిరీస్ సృష్టికర్త ఎరిక్ క్రిప్కీయే చెప్పాడు. అది ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్. గార్త్ ఎనిస్, డారిక్ రాబర్ట్‌సన్‌ల మూల కామిక్ 2006లోనే మొదలైంది కనుక, ఫలానా పాత్ర ఫలానా నాయకుడు అని జత కలుపుతూ పోతే వ్యాసం పొడుపుకథల జవాబుల పట్టీ అవుతుంది. అంతకంటే కామిక్‌కూ సిరీస్‌కూ తేడాలు వెతుకు. కామిక్‌లో నాజీ సూపర్‌హీరో స్టార్మ్‌ఫ్రంట్ మగవాడు. సిరీస్‌లో చలాకీగా మాట్లాడుతూ, సోషల్ మీడియాలో జనాన్ని ఇట్టే ఆకట్టుకునే ఆడమనిషి. నాజీ ద్వేషం ఈ రోజుల్లో ఏ వేషంలో వస్తే జనం చప్పట్లు కొడతారో రచయితలు ఎంత లోతుగా ఆలోచించారో ఆ మార్పే చెబుతుంది. మన నాయకులను మాత్రం ఇందులోకి లాగకు. అది అమెరికా గాయం, అక్కడే ఉండనివ్వు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాత్ర, మెరుపువేగంతో పరుగెత్తే నల్లజాతి సూపర్‌హీరో ఏ-ట్రైన్. మొదటి ఎపిసోడ్‌లోనే కథానాయకుడు హ్యూయీ ప్రియురాలు రాబిన్ ప్రాణం తీసినవాడు, కాబట్టి అతణ్ణి మంచివాడిగా దిద్దే ప్రయత్నం చేయకు. 2022లో వచ్చిన మూడో సీజన్‌లో, నల్లజాతివారి మీద దౌర్జన్యం చేసే సూపర్‌హీరో బ్లూ హాక్ అతని అన్న నేథన్‌ను జీవితాంతం నడవలేనివాణ్ణి చేస్తాడు. ఏ-ట్రైన్ బ్లూ హాక్‌ను ఈడ్చుకుంటూ పరుగెత్తి పగ తీర్చుకుంటాడు, ఆ పరుగుకు అతని గుండె ఆగిపోతుంది. కళ్లు తెరిచేసరికి ఛాతీలో కొట్టుకుంటున్నది బ్లూ హాక్ గుండె. కంపెనీ కాపాడే తీరు అది. జాతి గురించి, వ్యాపారం గురించి పాత్రల చేత ఉపన్యాసాలిప్పించిన చోట్ల ఈ సిరీస్ తేలిపోయింది. నాలుగో సీజన్‌లో అలాంటివి ఎక్కువ. ఆ మాట మొహమాటపడకుండా రాయి.

మూడో సీజన్ చివరి దృశ్యాన్ని మళ్లీ చూడు. కొడుకు మీదికి డబ్బా విసిరినవాణ్ణి హోమ్‌లాండర్ నడివీధిలో చంపుతాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. గుంపులో ఒకడు సంబరంగా కేక వేస్తాడు, తర్వాత అందరూ. ఈసారి గుంపులోని ముఖాలు చూసి, నీకు తోచింది రాసుకో.

ముందు ఏ-ట్రైన్ భాగం రాసి పంపు. నెత్తుటి దృశ్యాల వర్ణన ఎక్కడైనా మూడు వాక్యాలు దాటితే కొట్టేస్తాను.

మీ పెద్దమ్మ