ఫీజు రాయితీ కోసం అత్యవసర నిధిని ఖాళీ చేయవద్దు

ప్రశ్న: మేము గాజువాకలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను పరవాడలో ఒక ప్రైవేటు మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. చేతికి రూ.48,000 జీతం వస్తుంది. నా భార్య ఇంటి దగ్గరే బట్టలు కుట్టి నెలకు సుమారు రూ.6,000 సంపాదిస్తుంది. అద్దె, బాబు స్కూలు ఫీజుతో కలిపి నెలకు రూ.36,000 ఖర్చవుతుంది. రూ.2 లక్షల చిట్టీకి నెలకు రూ.5,000 కడుతున్నాం. దాన్ని ఇంకా పాడుకోలేదు, మరో 14 నెలలు ఉంది. అమ్మాయికి పదో తరగతిలో 548 మార్కులు వచ్చాయి. ఎంపీసీతో పాటు జేఈఈ కోచింగ్ ఇచ్చే కళాశాలలో చేర్చాలనుకుంటున్నాం. రెండేళ్లకు ఫీజు రూ.3,20,000. ఈ నెలాఖరులోగా మొత్తం ఒకేసారి కడితే రూ.40,000 తగ్గిస్తామన్నారు. బ్యాంకులో రూ.1,40,000 ఎఫ్‌డీ ఉంది. మిగతా రూ.1,40,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఒక యాప్‌లో దొరుకుతోంది. రాయితీ వదులుకుంటే వడ్డీ లేని ఈఎంఐ ఇప్పిస్తామని కళాశాల పీఆర్వో అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మంచిది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: రెండూ వద్దు. అమ్మాయిని చేర్పించే విషయంలో నాకు అభ్యంతరం లేదు. 548 మార్కులు తెచ్చుకున్న పిల్లను తప్పకుండా చదివించాలి. అయితే ఏ అప్పు మంచిదని అడుగుతూ మీరు మాటవరసకు చెప్పిన ఎఫ్‌డీ దగ్గరే అసలు ప్రమాదం ఉంది. పదో తరగతి ఫలితాలు వచ్చాక, ఇంటి మొత్తం పొదుపును ఒక్క రోజులో కళాశాల కౌంటర్లో కట్టేసే కుటుంబాలను ఏటా చూస్తున్నాను కాబట్టి మీ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

మీరు ఆ పేరుతో పిలవకపోయినా ఆ ఎఫ్‌డీయే మీ అత్యవసర నిధి. నెలకు రూ.36,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే రూ.2,16,000, ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. మీ దగ్గర ఉన్నది నాలుగు నెలలకు కూడా చాలదు. దాన్ని సున్నా చేసి, పైన అప్పు కూడా చేద్దామనుకుంటున్నారు. మీరు పనిచేసే రంగం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఎక్కడైనా ప్రమాదం జరిగి, తనిఖీలు మొదలై, ఒక యూనిట్‌లో ఉత్పత్తి ఆపమని ఆదేశాలు వస్తే ముందు ఓవర్‌టైమ్ పోతుంది, ఆ తర్వాత జీతం ఆలస్యమవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పనిచేయక, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన సంగతి ఇక్కడి వారెవరూ మరిచిపోలేదు. అలాంటి నెలలో కూడా ఇంటి యజమాని అద్దె అడుగుతారు, యాప్ వాళ్లు ఈఎంఐ అడుగుతారు. కుట్టుపని మీద వచ్చే ఆదాయం కూడా పండుగలకు, పెళ్లిళ్లకు పెరిగి మిగతా రోజుల్లో తగ్గేదే కాబట్టి దాన్ని నెలనెలా నికరంగా వచ్చే డబ్బుగా లెక్కించకండి.

ఇప్పుడు రూ.40,000 రాయితీ లెక్క చూద్దాం. రూ.1,40,000 అప్పును, తీర్చేకొద్దీ తగ్గే బాకీ మీదే నెలకు రెండు శాతం వడ్డీతో 24 నెలల్లో తీర్చాలంటే నెలకు దాదాపు రూ.7,400 కట్టాలి. రెండేళ్లలో వడ్డీయే రూ.37,600 దాటుతుంది. ప్రాసెసింగ్ రుసుము మూడు శాతం అనుకుంటే, దానిపై జీఎస్టీతో కలిపి మరో రూ.4,956 అవుతుంది. మొత్తం సుమారు రూ.42,600. అంటే రూ.40,000 మిగుల్చుకోవడానికి రూ.42,600 ఖర్చు పెడుతున్నారు. ఎఫ్‌డీ రద్దు చేసినందుకు పోయే వడ్డీ దీనికి అదనం. ఇది కూడా మంచి షరతులు ఉంటేనే. ఆ రెండు రూపాయల వడ్డీని తీర్చేకొద్దీ తగ్గే బాకీ మీద కాకుండా మొదటి అసలు మీదే చివరిదాకా వేస్తే వడ్డీ రూ.67,200 అవుతుంది. రుసుములన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో రుణం ఇచ్చే ముందే ఒక పత్రంలో చూపించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ పత్రం చూడకుండా ఫోన్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కడం, పిల్లల చదువు పేరుతో చేసినా సరే, బాధ్యతారాహిత్యమే.

వడ్డీ లేని ఈఎంఐ గురించి కూడా మీకు పూర్తి విషయం చెప్పినట్లు లేదు. సున్నా వడ్డీ అనేది లేదని, ఆ వడ్డీ ప్రాసెసింగ్ రుసుము రూపంలోనో, కొనుగోలుదారుకు అందని రాయితీ రూపంలోనో వసూలవుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. మీ విషయంలో అందకుండా పోతున్న రూ.40,000 అలాంటిదే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈఎంఐలో మీరు బాకీ పడేది కళాశాలకు కాదు, ఒక ఫైనాన్స్ సంస్థకు. ఆ సంస్థ కళాశాలకు మొత్తం ముందే చెల్లించేస్తుంది. ఆరు నెలల తర్వాత అమ్మాయి ఆ ఒత్తిడి తట్టుకోలేకో, బోధన నచ్చకో మరో కళాశాలకు మారితే కొత్త చోట ఫీజు కడుతూనే పాత చోటి ఈఎంఐ కూడా కడుతూ ఉండాలి. అదే రూ.3,20,000 టర్ముల వారీగా నేరుగా కళాశాలకే కడితే మానేసిన రోజుతో మీ బాధ్యత చాలావరకు ముగుస్తుంది.

కాబట్టి రాయితీని వదిలేసి, ఏడాదికి మూడు టర్ముల చొప్పున ఆరు వాయిదాల్లో కడతామని అడగండి. వాయిదాకు సుమారు రూ.53,300 పడుతుంది. మొదటి వాయిదా మాత్రమే ఎఫ్‌డీ నుంచి తీయండి. పాక్షికంగా తీసుకునే వీలు మీ బ్యాంకులో లేకపోతే రద్దు చేసి, మిగిలిన రూ.86,700 అదే రోజు మళ్లీ ఎఫ్‌డీ వేయండి. ప్రస్తుతం ఖర్చులు, చిట్టీ పోను మీకు నెలకు రూ.13,000 మిగులుతోంది. నాలుగు నెలలకు రూ.52,000 అవుతుంది కాబట్టి మిగతా వాయిదాలు దాదాపుగా జీతంలోనుంచే వెళ్లిపోతాయి. తర్వాతి వాయిదా కోసం దాచే డబ్బును వేరే ఖాతాలో వేయండి, ఇంటి ఖర్చు ఖాతాలో ఉంచితే నిలవదు. ఫీజు కోసం చిట్టీని తొందరపడి పాడుకోవద్దు. ఇప్పుడు పాడితే తోసుబాటు, అంటే పాటలో వదులుకునే మొత్తం, ఎక్కువ పోతుంది, చివరిదాకా ఆగితే దాదాపు పూర్తి మొత్తం వస్తుంది.

ఇందులో వెసులుబాటు చాలా తక్కువని నాకు తెలుసు. అందుకే ఫీజునే తగ్గించుకునే ప్రయత్నం ముందు చేయండి. మార్కులను బట్టి ఫీజు తగ్గించడం మన దగ్గర కళాశాలల్లో మామూలే. ఇంటికి వచ్చిన పీఆర్వోతో కాకుండా మీరే వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలిసి, అమ్మాయి మార్కుల మెమో చూపించి అడగండి. మరో రెండు కళాశాలల్లో కూడా కనుక్కోండి, నెలాఖరు గడువు చూసి కంగారుపడవద్దు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజును దామాషా ప్రకారం పది రోజుల్లో వాపసు చేయాలని కోచింగ్ సంస్థలకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు చేర్చబోయే కళాశాల వాపసు విషయంలో ఏమంటుందో రసీదు మీదనో, దరఖాస్తు మీదనో రాయించుకోండి. పీఆర్వో నోటిమాటను నమ్ముకోవద్దు. ఇంట్లో సాధన చేయడానికి ఐఐటీ కాన్పూర్ సహకారంతో కేంద్రం నడిపే ‘సాథీ’ పోర్టల్ ఉచితం. అదనపు టెస్ట్ సిరీస్‌ల కోసం డబ్బు పెట్టే ముందు దాన్ని చూడండి.

మీరు ఇంకా ఆలోచించని విషయం రెండేళ్ల తర్వాత వచ్చే ఖర్చు. ఎన్‌ఐటీలో సాధారణంగా ట్యూషన్ ఫీజే ఏడాదికి రూ.1,25,000, ఐఐటీలో సుమారు రూ.2 లక్షలు. హాస్టల్, మెస్ ఖర్చులు వేరు. మొదటిసారి ర్యాంకు రాక లాంగ్‌టర్మ్‌కు వెళ్తానంటే మరో ఏడాది ఫీజు తోడవుతుంది. అప్పు చేయవలసిన సమయం అది. అప్పుడు బ్యాంకులో విద్యా రుణం దొరుకుతుంది, రూ.7.5 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు, పాత పన్ను విధానంలో ఉన్నవారికి వడ్డీపై మినహాయింపు కూడా ఉంటుంది. ఇంటర్ కోచింగ్ కోసం తీసుకున్న యాప్ రుణానికి అలాంటి సదుపాయమేదీ లేదు. పైగా విద్యా రుణంలో సహ దరఖాస్తుదారు మీరే అవుతారు. ఇప్పుడు రెండు ఈఎంఐలు తప్పితే సిబిల్ నివేదికలో, అంటే మీ అప్పుల చరిత్రలో, అది నమోదవుతుంది. మంచి కళాశాలలో సీటు వచ్చిన రోజున బ్యాంకు మేనేజరు ముందు ఆ నివేదిక కనిపిస్తుంది. కోచింగ్ ఫీజు కోసం చేసిన అప్పు చదువు అప్పుకే అడ్డుపడిన ఇళ్లు ఉన్నాయి. తప్పనిసరైన పరిస్థితి వస్తే యాప్ కంటే బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టడం నయం. అయితే ఆ బంగారాన్ని ఆసుపత్రి అవసరం లాంటి వాటి కోసం అట్టిపెట్టండి.

బీమా గురించి మీరు ఏమీ రాయలేదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. నలుగురికి కలిపి కనీసం రూ.5 లక్షల సొంత పాలసీ, మీ పేరున కనీసం రూ.75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు అందే జీవిత బీమా) తీసుకోవాలి. ఫీజులో ఏమాత్రం తగ్గింపు దొరికినా ఆ డబ్బును ముందు ఈ ప్రీమియాలకే కేటాయించండి. 14 నెలల తర్వాత చిట్టీ డబ్బు చేతికి వచ్చినప్పుడు రెండో ఏడాది ఫీజు మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తామని మళ్లీ అడుగుతారు. ఒప్పుకోవద్దు. ఆ డబ్బును ఎఫ్‌డీలో ఉన్న రూ.86,700కు కలిపి, అందులోంచి రూ.2,16,000 వేరే డిపాజిట్‌గా వేసి, ఆ పైన మిగిలిన దాన్ని మాత్రమే ఫీజుకు వాడండి.