బ్లీచింగ్ వల్ల డైవ్ సైట్లు మూసేశారంటే ట్రిప్ క్యాన్సిల్ చేసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: థాయ్‌లాండ్‌లో స్కూబా డైవింగ్ (వీపున సిలిండర్‌తో సముద్రం లోపల తిరగడం) ట్రిప్‌కి అడ్వాన్స్ కట్టేశారు, తర్వాత చూస్తే సముద్రం అడుగున దిబ్బలు కట్టే పగడాలనే జీవులు తెల్లబడిపోయాయని (దీన్నే బ్లీచింగ్ అంటారు), అందుకని డైవింగ్ చేసే చోట్లు, అంటే సైట్లు, కొన్ని మూసేశారని వార్త. వెళ్ళాలా మానాలా, డబ్బులు వెనక్కి వస్తాయా, తోడు వస్తున్న ఫ్రెండ్ అక్కడే మొదటిసారి డైవింగ్ కోర్సు చేయొచ్చా అని అడిగారు.

వెళ్ళండి. మానుకుంటే మీ అడ్వాన్స్ పోవడం తప్ప పగడాలకి ఒరిగేదేమీ లేదు. కాకపోతే మూసేసిన సైట్ల గురించి దిగులు మానేసి, ఇంకా తెరిచి ఉంచిన సైట్ల గురించి కాస్త ఆలోచించండి. మీ ట్రిప్ పాడైతే అక్కడే పాడవుతుంది. 2010 జూలైలో మలేషియాలోని తియోమన్ దీవిలో నేను కళ్ళారా చూసిన సంగతి ఇది.

ఆ ఏడాది సముద్రం మరీ వేడెక్కి ఆగ్నేయాసియా అంతటా పగడాలు తెల్లబడ్డాయి. మలేషియా వాళ్ళు తియోమన్, రెడాంగ్, పయార్ దీవుల చుట్టూ కొన్ని డైవ్ సైట్లని అక్టోబర్ చివరిదాకా మూసేశారు. తియోమన్‌లో మూసినవాటిలో బాటు మలాంగ్ ఒకటి. నేను అంత దూరం వెళ్ళిందే దానికోసం. మూసిన సంగతి డైవ్ షాపు వాళ్ళకి ముందే తెలుసు. ఈమెయిల్‌లో నా ఎత్తు, బరువు, చెప్పుల సైజు, ఆఖరికి కళ్ళజోడు పవర్ కూడా అడిగారు, ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. పొద్దున్నే బోటు ఎక్కే ముందు గైడు వచ్చి "ఈరోజు ప్లాన్ కొంచెం మారింది" అన్నాడు. బాటు మలాంగ్ రేపా అని ఎవరో అడిగితే అతను ఓనర్ వైపు చూశాడు, ఓనర్ రిజిస్టర్‌లో తల దూర్చేశాడు. గైడుని తప్పుపట్టను, పాపం వాడి చేతిలో ఏముంటుంది.

మమ్మల్ని రెంగిస్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఒడ్డుకి దగ్గర్లో ఉండే చిన్న పగడపు దిబ్బ అది, పెద్ద లోతు ఉండదు, కెరటాల తాకిడి తక్కువ, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళూ, గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ళ పైపైనే ఈదే స్నార్కెలింగ్ వాళ్ళూ అందరూ మామూలుగానే అక్కడికి వస్తారు. ఆరోజు వాళ్ళకి తోడు, మూసేసిన సైట్లకి పోవాల్సిన బోట్లన్నీ కూడా అక్కడికే వచ్చాయి. తాడు కట్టుకోవడానికి నీళ్ళ మీద తేలే బుయ్‌లు చాలక ఒక బోటుకి ఇంకో బోటు, దానికి మరొకటి కట్టేశారు. మేం దిగడానికి కూడా వంతు కోసం ఆగాం. నీళ్ళలోకి దిగితే పైన లైఫ్ జాకెట్ల కాళ్ళు, కింద సిలిండర్ల బుడగలు, మధ్యలో మేము.

దిబ్బ మాత్రం... ఏం చెప్పను. కొమ్మల పగడాలు మొదలు నుంచి చివర దాకా తెల్లగా ఉన్నాయి, కొసల దగ్గర మాత్రం వెలిసిపోయిన నీలం. వాటి పక్కన ఒక సీ అనిమోన్ (మెత్తటి వేళ్ళతో పువ్వులా కనిపించే సముద్ర జీవి), అది కూడా తెల్లగానే ఉంది (పగడాలే కాదు, అనిమోన్లూ బ్లీచ్ అవుతాయి, చాలామందికి తెలియదు), దాని వేళ్ళ మధ్య క్లౌన్ ఫిష్ జంట తిరుగుతోంది. ఆ తెలుపు మీద వాటి నారింజ రంగు ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందో! నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగుంది, అదే దరిద్రం. చేతికి వాచీలా కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో నీళ్ళ వేడి చూస్తే అంత కిందకి వచ్చినా 31 డిగ్రీలు.

ఆ చేపల్ని ఫొటో తీయడానికి మా బోటులోనే ఉన్న ఒకాయన వచ్చాడు. కెమెరాకి రెండు వైపులా లైట్లు, చేతుల్లాంటి స్టాండ్లు, సరంజామా అంతా ఉంది, ఒక చోట నిలకడగా తేలడం మాత్రం రాదు. కెమెరా కదలకుండా ఉండాలని తిన్నగా వెళ్ళి ఆ తెల్ల కొమ్మల మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. గైడు ఇనుప కడ్డీతో సిలిండర్ మీద టంగు టంగుమని కొట్టాడు. ఆయన వెనక్కి తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఓకే అని సైగ చేసి మళ్ళీ ఫొటో పనిలో పడ్డాడు. గైడు వెళ్ళి సిలిండర్ పట్టుకుని పైకి లాగితే, కంగారులో కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్ (ఈత రెక్కలు) టపటపా కొట్టాడు. ఇసుక లేచింది. అది తేరుకున్నాక చూస్తే కింద సుద్దముక్కల్లా విరిగిన కొమ్మలు. చేపలు ఇంకా అక్కడే ఉన్నాయి, ఎక్కడికి పోతాయి మరి.

బోటు ఎక్కాక ఆయన అందరికీ స్క్రీన్ చూపించి మురిసిపోయాడు. "వైట్ కోరల్, చాలా రేర్" అన్నాడు. ఒక్కరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. తెల్లబడ్డ పగడం చచ్చిపోయిన పగడం కాదు. పగడం కణాల్లో ఒక రకం సూక్ష్మమైన నాచు ఉంటుంది, పగడానికి కావాల్సిన తిండిలో ఎక్కువ భాగం తయారుచేసిపెట్టేది అదే, రంగు ఇచ్చేదీ అదే. ఎండాకాలంలో ఉండే గరిష్ఠ వేడి కంటే నీళ్ళు ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది, పగడం బతుకుతుంది. ఆలస్యమైతే ఆకలితో చస్తుంది, దాని మీద పనికిరాని నాచు పట్టేసి గోధుమరంగుకి తిరుగుతుంది. అంటే తెల్లగా ఉన్న ఆ కొన్ని వారాలూ అది బతుకుతుందా చస్తుందా అన్నది తేలని సమయం. ఆ టైములో దాని మీద మోకాళ్ళు పెట్టి కూర్చునేవాళ్ళు లేకుండా చూడ్డమే సైట్ మూసేయడం.

"మూసేస్తే నీళ్ళు చల్లబడతాయా?" అని వెటకారం చేసేవాళ్ళు ఉంటారు. చల్లబడవు. ఆ మాటకొస్తే జ్వరం వచ్చినవాణ్ణి పడుకోనిస్తే జ్వరం తగ్గుతుందా? అయినా వాణ్ణి లేపి తన్నం కదా. థాయ్‌లాండ్ వాళ్ళు 2010 బ్లీచింగ్ తర్వాత 2011 జనవరిలో ఏడు మెరైన్ పార్కుల్లో 18 సైట్లు మూశారు, 2016 మేలో మళ్ళీ పది మూశారు, 2024లో కూడా మూశారు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ అయితే ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో దాదాపు 84 శాతాన్ని తాకింది. కాబట్టి ఇదేదో మీ ట్రిప్‌కి మాత్రమే పట్టిన శని అనుకోకండి. డైవింగ్ చేసేవాళ్ళందరికీ ఇకమీదట ఇది మామూలే.

మూయడం మీద నాకు అభ్యంతరం లేదు, మూసే పద్ధతి మీదే ఉంది. నాలుగు చోట్లు మూసేసి జనాన్నంతా ఐదో చోటుకి తోలితే, ఆ ఐదో దిబ్బ కూడా అదే వేడి నీళ్ళలో ఉందిగా! రెంగిస్‌లో నేను చూసింది అదే. నన్నడిగితే ఆపాల్సింది సైట్లని కాదు, మనుషుల్ని. తేలడం వచ్చినవాణ్ణి పంపండి, రానివాణ్ణి ఆపండి. ఊపిరి పీలిస్తే కొంచెం పైకి లేస్తాం, వదిలితే కొంచెం దిగుతాం, ఆ లెక్క ఒంటికి పట్టినవాడు తెల్ల పగడం పైన మూరెడు ఎత్తులో అంతసేపూ ఉన్నా దానికి ఏమీ కాదు. పట్టనివాడు ఎంత పర్యావరణ ప్రేమికుడైనా ఏదో ఒకటి విరగ్గొట్టే పైకి వస్తాడు. 2025లో థాయ్‌లాండ్ ఒక రూల్ తెచ్చింది, అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ గానీ కనీసం 40 డైవ్‌ల అనుభవం గానీ లేనివాళ్ళు నీళ్ళలో కెమెరా వాడకూడదని. దీని మీద గోల చేసినవాళ్ళు ఉన్నారు, నేనైతే పండగ చేసుకున్నాను. నా లెక్కన 40 కూడా తక్కువే, వంద పెట్టాలి.

సన్‌స్క్రీన్ గురించి కూడా ఒక మాట, ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి. థాయ్ నేషనల్ పార్కుల్లో పగడాలకి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటి రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌లు 2021 నుంచి నిషేధం, లక్ష బాత్ (థాయ్ కరెన్సీ) దాకా జరిమానా ఉంది. పాటించండి, సందేహమే లేదు. కానీ "రీఫ్ సేఫ్" ట్యూబు కొన్నాను కదా, నా బాధ్యత తీరిపోయింది అనుకుని అదే మనిషి నీళ్ళలో పగడం మీద నిలబడి మాస్క్ సర్దుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పొడుగు చేతుల రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) వేసుకుంటే పూసుకోవాల్సిన పనే సగం తగ్గిపోతుంది కదా.

సరే, మీ డబ్బుల సంగతి. ముందు ఒకటి తేల్చుకోండి: థాయ్‌లాండ్‌లోని సిమిలాన్, సురిన్ మెరైన్ పార్కుల్ని రుతుపవనాల వల్ల ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఎలాగూ మూస్తారు. దానికీ బ్లీచింగ్‌కీ సంబంధం లేదు. కొన్ని షాపులు ఈ రెంటినీ కలిపేసి "గవర్నమెంట్ మూసేసింది, మేమేం చేస్తాం" అంటాయి. ఏటా మూసే తేదీల్లో మీకు ట్రిప్ అమ్మి ఉంటే అది వాళ్ళ తప్పే, గట్టిగా అడగండి. థాయ్‌లాండ్‌లోనే ఉన్న మాయా బే అనే చిన్న అఖాతం సంగతి కూడా ఇందులో కలపొద్దు. దాన్ని 2018 జూన్‌లో మూసింది జనం, బోట్లు ఎక్కువై దిబ్బ నాశనమైనందుకు. 2022 జనవరిలో తెరిచారు, ఇప్పుడు బోట్లని లోపలికి రానివ్వరు, జనాన్ని లెక్కపెట్టి పంపుతారు. ఆ మధ్యకాలంలో బ్లాక్‌టిప్ సొరచేపలు తిరిగొచ్చాయి. ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో అనడానికి మంచి ఉదాహరణే గానీ వేడికి చచ్చిన పగడం అంత తొందరగా తిరిగి రాదు, త్వరగా పెరిగే కొమ్మ రకాలకే పదేళ్ళ పైన పడుతుంది.

నిజంగా బ్లీచింగ్ వల్లే మూసుంటే పూర్తి రిఫండ్ వస్తుందని ఆశ పెట్టుకోకండి. "ప్రత్యామ్నాయ సైట్‌కి తీసుకెళ్తాం" అనే వాక్యం బుకింగ్ షరతుల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ళూ అంతే, ట్రిప్ జరిగింది, చోటు మాత్రమే మారింది అంటారు. అందుకని తేదీ మార్చమని అడగండి, దానికి చాలామంది ఒప్పుకుంటారు. అడిగేటప్పుడు "సైట్లు తెరిచే ఉన్నాయా" అని అడగొద్దు, ఉన్నాయనే చెప్తారు. ఫలానా రోజు ఏ సైట్, మూసేసిన వాటికి బదులు ఏది, ఆ సైట్‌కి రోజూ ఎన్ని బోట్లు వస్తున్నాయి అని పేర్లతో సహా రాతపూర్వకంగా అడగండి. మూడో ప్రశ్నకి జవాబు రాకపోతే ఇంకో షాపు చూసుకోండి. నోవా వాళ్ళ కోరల్ రీఫ్ వాచ్ మ్యాపులు అందరికీ ఉచితంగా ఉంటాయి, వెళ్ళేముందు ఒకసారి చూడండి. అందులో డిగ్రీ హీటింగ్ వీక్స్ అని ఒక అంకె ఉంటుంది (మామూలు కంటే ఎంత వేడి, ఎన్ని వారాలు పేరుకుందో చెప్పే లెక్క), నాలుగు దాటితే పగడాలు తెల్లబడటం మొదలు, ఎనిమిది దాటితే చావులు మొదలు. నాలుగు దాటినప్పుడు లోతులేని పగడపు తోటలు వదిలేసి మునిగిపోయిన ఓడలు, లోతైన రాతి గోడలు, ఇసుక నేల మీది డైవ్‌లు అడగండి. ఓడ బ్లీచ్ అవ్వదు.

మీ ఫ్రెండ్ సంగతి వేరు. ఆయన కోర్సు అక్కడ చేయొచ్చు గానీ ముందు స్విమ్మింగ్ పూల్‌లో, తర్వాత ఇసుక అడుగున్న చోట నేర్పే ఇన్‌స్ట్రక్టర్ దొరికితేనే. మాస్క్ తీసి పెట్టుకోవడం లాంటివి దిబ్బ పక్కనే మోకాళ్ళ మీద కూర్చోబెట్టి నేర్పించేవాళ్ళు ఇంకా ఉన్నారు, అలాంటి వాళ్ళ దగ్గర వద్దే వద్దు. ఇక కెమెరా అంటారా, అది ఇంట్లోనే వదిలేసి రమ్మనండి. ఆయన అలిగితే నా పేరు చెప్పండి.