పెద్ద పేరున్న యూనివర్సిటీలో సీటు వచ్చింది, పంపించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. సీటు వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు "టాప్ ఫైవ్ అండీ, కళ్లు మూసుకుని పంపించండి" అంటున్నారు. ప్రభుత్వ యూనివర్సిటీ అన్నారు గానీ ఫీజు చూస్తే గుండె ఆగినంత పనైంది. నిజంగా అంత పేరుందా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు. కళ్లు మూసుకుని మాత్రం పంపించకండి. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితం తీసి, ఏ ఊరి పేరు ఉందో ఒకసారి చూడండి. ఇల్లినాయ్ యూనివర్సిటీ పేరుతో మూడు ఉన్నాయి: అర్బానా-షాంపేన్, షికాగో, స్ప్రింగ్‌ఫీల్డ్. దేని అడ్మిషన్ దానిదే, ఫీజూ ప్రొఫెసర్లూ కూడా వేరే. మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే టాప్ ఫైవ్ ర్యాంకు అర్బానా-షాంపేన్ కంప్యూటర్ సైన్స్‌ది. మిగతా రెండు చోట్లా చక్కగా చదువుకుని స్థిరపడిన మన పిల్లలు నాకు తెలుసు. కానీ ఒకదాని ర్యాంకు చూసి ఇంకోదానికి అప్పు చేయకూడదు కదా.

ఇక ఫీజు సంగతి. మన దగ్గర ప్రభుత్వ కాలేజీ అంటే ఫీజు తక్కువ అనుకుంటాం. ఇక్కడ ఆ తగ్గింపు ఇల్లినాయ్ రాష్ట్రం పిల్లలకే. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువే కట్టాలి.

అర్బానా-షాంపేన్‌కున్న పేరు మాత్రం నిజమైనదే. మేము షాంపేన్‌లో 15 ఏళ్లుగా ఉంటున్నాం కాబట్టి ఇది కళ్లారా చూసి చెబుతున్నాను. అమెరికా అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన 1862 నాటి చట్టం కింద రాష్ట్రాలకు భూములిచ్చి, రైతుల పిల్లలకూ పనివాళ్ల పిల్లలకూ చదువు చెప్పమన్నారు. అలా 1867లో ఈ యూనివర్సిటీ పుట్టింది. మన దేశంలో మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1960లో మొదలైన పంత్‌నగర్, ఈ యూనివర్సిటీ సాయంతో ఈ నమూనాలోనే ఏర్పడింది. క్యాంపస్ నడిబొడ్డున ఇప్పటికీ ఒక మొక్కజొన్న చేను ఉంది. 1876 నుంచి అందులో పంట వేసి నేల ఎలా మారుతోందో లెక్క రాస్తున్నారు. 1969లో దాని పక్కన లైబ్రరీ కట్టాల్సి వస్తే, పైరు మీద నీడ పడకూడదని భూమిలోపల కట్టారు. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

అయితే ఆ పేరు మీ అమ్మాయికి ఎలా పనికొస్తుంది? అసలు విషయం ఇదే. ర్యాంకులు ఎక్కువగా పరిశోధనను బట్టి వస్తాయి. క్లాసులో పాఠం ఎంత బాగా చెబుతారన్నది వాటిలో పెద్దగా కనబడదు. ఆ పరిశోధన ల్యాబుల్లో జరుగుతుంది. 50 వేలకు పైగా విద్యార్థులున్న చోట ఎవరూ వచ్చి "అమ్మా, మా ల్యాబులో చేరతావా" అని అడగరు. మనమే వెళ్లి తలుపు తట్టాలి.

అలా ల్యాబుల్లో చేరిన విద్యార్థులు ఏం చేశారో చూడండి. జాన్ బార్డీన్ ఇక్కడ ప్రొఫెసర్‌గా ఉండేవారు. ఫిజిక్స్‌లో రెండుసార్లు నోబెల్ అందుకున్నది ఆయనొక్కరే, 1956లో, 1972లో. రెండోసారి బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరైన ష్రీఫర్, ఆ పని చేసేనాటికి ఆయన దగ్గర చదువుకుంటున్న విద్యార్థి. 1993లో ఇంటర్నెట్‌ను మామూలు జనం దగ్గరికి చేర్చిన మొజాయిక్ బ్రౌజర్ కూడా ఇక్కడిదే. దాన్ని రాసిన ఇద్దరిలో ఆండ్రీసన్ అప్పటికి డిగ్రీ విద్యార్థి, క్యాంపస్ సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలో పార్ట్‌టైమ్ పని చేసేవాడు.

నేను చదివింది ఇంకో రాష్ట్రంలో, ఇలాంటి పెద్ద యూనివర్సిటీలోనే. సార్ గది ముందు నిలబడాలంటే మన కాలేజీల్లో ఉండే భయం నాతోపాటే విమానం ఎక్కి వచ్చింది. ప్రొఫెసర్లు తమ గదిలో విద్యార్థులను కలిసే వేళలను ఆఫీస్ అవర్స్ అంటారు, ఏడాదంతా వాటికి ఒక్కసారీ వెళ్లలేదు. పాఠాల్లోనో పరిశోధనలోనో ప్రొఫెసర్లకు సాయం చేసే అసిస్టెంట్‌షిప్ అనే పని ఉంటుందని కూడా పక్కగది అబ్బాయి చెబితేనే తెలిసింది. అప్పటికి రెండు సెమిస్టర్ల ఫీజు నాన్నగారి పొలం మీద అప్పుగా కూర్చుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకొకటి. షాంపేన్‌లో ఎం.ఎస్. వేరు, ఎం.సి.ఎస్. (మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్) వేరు. మొదటిదానిలో థీసిస్ ఉంటుంది, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు అది సరిపోతుంది. రెండోది కోర్సులు పూర్తిచేసి ఉద్యోగంలోకి వెళ్లేవాళ్లకు. అసిస్టెంట్‌షిప్ వస్తే సాధారణంగా ఫీజు మాఫీ, నెలనెలా జీతం ఉంటాయి, కానీ కొన్ని ప్రోగ్రాములకు ఆ మాఫీ వర్తించదు. మీ అమ్మాయి ప్రోగ్రాముకు వర్తిస్తుందా అని డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ రాసి అడిగించండి. నోటిమాట నమ్మకండి. జవాబు వచ్చాకే బ్యాంకు లోను కాగితాల మీద సంతకం పెట్టండి.

ఊరి గురించి టెన్షన్ వద్దు. షికాగో నుంచి సుమారు 220 కిలోమీటర్లు, చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. సిటీ బస్సులు బాగా తిరుగుతాయి, స్టూడెంట్ కార్డు చూపిస్తే చాలు. చలి మాత్రం గట్టిది, మందపాటి కోటు ఇక్కడికొచ్చాక కొనుక్కోమనండి.

బయల్దేరేలోపు ఒక పని చేయమనండి. తనకు ఇష్టమైన సబ్జెక్టులో ముగ్గురు ప్రొఫెసర్లను ఎంచుకుని, ఒక్కొక్కరి పరిశోధన పేపరు ఒక్కటైనా నింపాదిగా చదవమనండి. తర్వాత ఎవరికి వాళ్లకు విడిగా, అయిదారు వాక్యాల్లో మెయిల్ రాయాలి: ఆ పేపర్లో ఏం అర్థమైంది, ఏం సందేహం వచ్చింది, తను ఏం చేయగలదు. "రెస్పెక్టెడ్ సర్" అని అందరికీ ఒకే మెయిల్ పంపితే ఎవరూ చదవరు. జవాబు రాకపోతే దిగులు పడొద్దనండి. ఆగస్టులో క్లాసులు మొదలయ్యాక, ఆ పేపరు చేతిలో పట్టుకుని ఆఫీస్ అవర్స్‌లో వెళ్లి కలవమనండి.